కొర్రమట్టలకు పథ్యం

మా పెళ్లయిన కొత్తలో ఇంటికి చుట్టాలు ఎవరు వచ్చినా మా అత్తమ్మను ఒకటే మాట అడిగేవాళ్లు. "కోడలు ఇంకా ఏం సదువుతుంది?"

"చాపల కార్జాలు," అనేది అత్తమ్మ.

వాళ్లు నవ్వితే ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చేది. "నవ్వుతరేంది? మనుషుల కార్జాలు సదివినోళ్లు డాక్టర్లయితలేరా? మా కోడలు చాపల డాక్టరు." ఆ తర్వాత ఛాయ్ ఇచ్చేది, కానీ నవ్వినవాళ్ల కప్పులో చక్కెర తక్కువ పడేది.

నేను డాక్టర్ను కాను. వనపర్తిలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే కాంట్రాక్ట్ లెక్చరర్ను. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. ఎం.ఫిల్. ఉంటే ముందుముందు ఉద్యోగం పర్మినెంట్ అవుతుందని ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో ఇప్పుడు గుర్తులేదు, దొరికితే అడగాల్సిన ప్రశ్నలు మాత్రం చాలా ఉన్నాయి. నా పరిశోధన అంశం "చమురు కాలుష్యం, నీటి ఉష్ణోగ్రత చేపల కాలేయ ఎంజైములపై చూపే ప్రభావం". ఈ పేరు ఒక్క ఊపిరిలో చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో నేనొక్కదాన్నే.

అంశం నేను గాల్లోంచి పట్టుకొచ్చింది కాదు. మా పుట్టిల్లు ఇటిక్యాల దిక్కు. చిన్నప్పుడు మా ఊరి వాగు మడుగుల పక్కన వరసగా డీజిల్ ఇంజన్లు పెట్టి పొలాలకు నీళ్లు తోడేవాళ్లు. ఇంజన్లు కారేవి. నీళ్ల మీద రంగురంగుల పొర తేలేది. మేము పిల్లలం దాన్ని పుల్లతో కలుపుతూ ఆడుకునేవాళ్లం. ఆ మడుగులో పట్టిన చేపలతో అమ్మ పులుసు చేస్తే, నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయేవాడు. "కిరసనాయిలు పొయ్యిల పోసినవా, కూరల పోసినవా?" అనేవాడు. అమ్మ చేతులు వాసన చూపించి ఒట్లు పెట్టేది. పాపం, అమ్మ తప్పేమీ లేదని నిరూపించడానికే నేను ఎమ్మెస్సీ దాకా చదివానని మా తమ్ముడు ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

ఎం.ఫిల్. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఆ జూన్ నెలాఖరుకు థీసిస్ పుస్తకం ఇవ్వకపోతే నా పేరు కొట్టేస్తారు, మళ్లీ చేర్చుకోరు. కాలేజీలో ప్రయోగం చేద్దామంటే అక్కడి ల్యాబులో ఉన్నవి ఫార్మలిన్ సీసాలో ఒక పాము, రెక్క విరిగిన సీతాకోకచిలుక. అందుకే వేసవి సెలవుల్లో మా అద్దె ఇంటి వాకిట్లోనే మొదలుపెట్టాను. నాలుగు పెద్ద ప్లాస్టిక్ టబ్బులు తెచ్చాను. రెండు నీడలో వేపచెట్టు కింద, రెండు ఎండలో. నీడలో ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో డీజిల్ కలిపిన నీళ్లు. ఎండలోనూ అంతే. నూనె వల్ల ఎంత చెడుపు, వేడి వల్ల ఎంత చెడుపు, రెండూ కలిస్తే ఎంత అనేది తేల్చాలి. నీళ్లు వేడి చెయ్యడానికి కరెంటు హీటరు వాడాలని పుస్తకాల్లో ఉంది. మా వీధిలో కరెంటు ఎప్పుడు ఉంటుందో కరెంటు వాళ్లకే తెలియదు. మే నెల పాలమూరు ఎండను మించిన హీటరు ఏముంది, అది ఏ కోతా లేకుండా పనిచేస్తుంది అనుకున్నాను.

చేపలు కొర్రమట్టలు, అంటే కొర్రమీనులు. అరచేతి పొడవుండే గట్టి ప్రాణాలు. నీళ్లలో గాలి చాలకపోతే పైకి వచ్చి పీల్చుకుంటాయి. ఒక్కటే తంటా, ఎగురుతాయి. టబ్బుల మీద పాత దోమతెర కట్టేదాకా పొద్దున లేవగానే వాకిలి ఊడ్చే ముందు చేపలు ఏరడం అత్తమ్మ పని అయింది. ఒకటి తులసి కోట దాకా పోయింది. మా ఆయనకు మాత్రం ఈ ప్రయోగంలో నచ్చనిది ఒక్కటే ఉంది. కొర్రమట్టలంటే ఆయనకు ప్రాణం. వీపనగండ్లలో పొలం పని చూసుకుని బండి మీద ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ టబ్బుల వైపు చూసే చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"గా నీడ టబ్బులయి మంచియే కదా?" అనేవాడు.

"మంచియే. అందుకే ముట్టొద్దు," అనేదాన్ని.

కాలేయం, అత్తమ్మ భాషలో కార్జం, దెబ్బతింటే దానిలోపల ఉండాల్సిన ఎంజైములు నెత్తుట్లోకి కారతాయి. మనుషులకు కామెర్లు అనుమానం వస్తే చేయించే ఎస్‌జీపీటీ పరీక్ష దీనికే. చేపలకూ అదే. కాకపోతే అరచేతంత చేపలోంచి పరీక్షకు సరిపడా నెత్తురు తీశాక చేప మిగలదు. ఎలాగూ మిగలదు కాబట్టి కార్జం కూడా కోసి, ఐసులో పెట్టి, దాన్నీ పరీక్షించాలి. ఊళ్లో ఒక రక్తపరీక్షల ల్యాబు ఉండేది. దాన్ని నడిపే పెద్దమనిషికి మీసాలు ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ. చేపల నెత్తురు చూస్తానని ఒప్పుకున్నాడు.

మొదటిసారి పోయినప్పుడు ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని అత్తమ్మ కూడా నా వెంట ఆటోలో వచ్చింది. ల్యాబులో జనం బాగానే ఉన్నారు. ఆయన చీటీ తీసి, అలవాటు కొద్దీ, "పేషంటు పేరు?" అన్నాడు.

"ఎండ డీజిల్," అన్నాను.

రాసుకున్నాడు. "వయసు?"

"ఏడాది లోపే."

"మగనా, ఆడనా?"

"కోసేదాకా తెలియదు సార్."

పక్కన కూర్చున్న ఒక ముసలాయన నా మొహం చూసి, అత్తమ్మ ఒళ్లో ఉన్న డబ్బా చూసి, మెల్లగా లేచి వెళ్లి అవతలి బెంచీ మీద కూర్చున్నాడు.

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. నీడ మంచినీళ్ల చేపలకు ఎస్‌జీపీటీ మామూలు. ఎండ మంచినీళ్లకు కొంచెం ఎక్కువ. నీడ డీజిల్‌కు ఇంకొంచెం ఎక్కువ. ఎండ డీజిల్ చేపలకు ఆకాశాన్నంటింది. నేను ఊహించింది ఇదే. ల్యాబు గడప మీదనే, "పెరిగింది అత్తమ్మా! ఎస్‌జీపీటీ మస్తు పెరిగింది!" అని అరిచాను. వస్తూ వస్తూ దుకాణం దగ్గర ఆటో ఆపి మైసూర్‌పాక్ కొన్నాను. ఇంటికి రాగానే అందరికీ పంచాను.

అత్తమ్మ తన ముక్క తినలేదు. చేతిలో పెట్టుకుని కూర్చుంది.

"కార్జం పాడైందంటివి కదా?" అంది చివరికి.

"అవును. బాగా పాడైంది."

"పాడైతే మిఠాయి పంచుతరా?"

నాకు నవ్వొచ్చింది. పరిశోధన అంటే ఇట్లాగే ఉంటుందని, పాడైతేనే నాకు మార్కులని విడమర్చి చెప్పాను. విన్నది. "నూనెతోనే అయిందా?" అని ఒకసారి, "ఎండతోని ఇంకా ఎక్కువైందా?" అని ఒకసారి అడిగింది. రెండింటికీ అవునన్నాను. ఆ మైసూర్‌పాక్ ముక్కను తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టింది. అర్థం చేసుకుందని సంతోషించాను.

తర్వాత వారం నాకు నాగర్‌కర్నూల్‌లో సప్లిమెంటరీ పరీక్షల డ్యూటీ పడింది. పొద్దున మొదటి బస్సుకు పోతే తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. చేపల మేత అత్తమ్మకు అప్పగించాను. తవుడు, పల్లి చెక్క కలిపి ఉండలు చేసి చూపించాను. ఏ టబ్బుకు ఎన్ని వెయ్యాలో చెప్పాను. "నీళ్లు తగ్గితే గీత దాకా నింపు, ఇంకేం ముట్టకు" అన్నాను. ఆమె ప్రతిదానికీ తల ఊపింది. నేను ఇంటికి వచ్చేసరికి అలసిపోయి, చేపలు బతికి ఉన్నాయా లేదా అని దోమతెర ఎత్తి చూసి, తిని పడుకునేదాన్ని. చేపలు దివ్యంగా ఉండేవి. అదే నాకు అనుమానం కలిగించాల్సింది.

డ్యూటీ అయిపోయింది. మర్నాడు పొద్దున్నే అత్తమ్మ టబ్బుల్లోంచి పట్టి ఇచ్చిన చేపలకు హడావుడిగా నెత్తురు తీసి, రెండోసారి ల్యాబుకు ఒక్కదాన్నే పోయాను. ఫలితాల కాగితం తిప్పి తిప్పి చూశాను. నాలుగు టబ్బులూ ఒకటే. ఎండ డీజిల్ చేపల ఎస్‌జీపీటీ నీడ మంచినీళ్ల చేపల కంటే కూడా ఒక పిసరు తక్కువ. వారం ఎక్కువ డీజిల్‌లో ఉన్నకొద్దీ పెరగాల్సింది పోయి మాయమైపోయింది. ల్యాబు పెద్దమనిషి మీసం సవరించుకుని, "పేషంట్లు కోలుకున్నట్టున్నరు మేడం" అన్నాడు.

ఎస్టీడీ బూత్ నుంచి హైదరాబాద్‌లో ఉన్న మా గైడు సారుకు ఫోన్ చేశాను. అంకెలు చదివాను. ఆయన వాటిని మళ్లీ ఒకసారి చదివించుకున్నాడు. మీటరు తిరుగుతూనే ఉంది.

"అమ్మా," అన్నాడు, "పోయిన వారం అంకెలు నిజమైతే ఈ వారానివి అబద్ధం. ఈ వారానివి నిజమైతే పోయిన వారానివి అబద్ధం. ఇంట్లో కూసోని అంకెలు వండుతున్నవా?"

"లేదు సార్!"

"మరి చేపలే వండుతున్నయా? ఈ డేటా మొత్తం పక్కన పెట్టు. ఒక్క వారం చాలు, శుభ్రంగా మళ్లీ చెయ్. అదీ ఎండలు ఉన్నప్పుడే. వానలు పడ్డాక ఎండ టబ్బుకు అర్థం ఉండదు. నెలాఖరు దాటితే నేను కూడ ఏం చెయ్యలేను."

ఏడుపు, కోపం కలిసి వచ్చాయి నాకు. ఇంటికి వచ్చి నేరుగా వాకిట్లోకి పోయాను. మా అద్దె ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మల్లెచెట్టు ఎండిపోయి ఉంది. నాగర్‌కర్నూల్ పోయే ముందు నిండా మొగ్గలతో ఉన్న చెట్టు. మట్టి వాసన చూశాను. డీజిల్. ఎండ డీజిల్ టబ్బు దగ్గరికి పోయి నీళ్లు దోసిట్లోకి తీసుకుని వాసన చూశాను. డీజిల్ లేదు. పుల్లటి మజ్జిగ వాసన. అడుగున తెల్లగా అన్నం మెతుకులు. వాటి మధ్య చిన్నచిన్న ఆకుపచ్చ ఆకులు. మా బీఎస్సీ బాటనీ మేడం నేర్పిన ఆకే అది. నేల ఉసిరి.

"అత్తమ్మా!" అని పెట్టిన కేకకు వీధిలో కుక్క కూడా లేచింది.

అత్తమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నా చేతిలో ల్యాబు కాగితం చూసింది. ఆమెకు భయం లేదు, తప్పు చేసిన గుర్తు లేదు. కళ్లు వెలుగుతున్నాయి.

"తగ్గిందా బిడ్డా?" అంది.

తీరా చూస్తే జరిగింది ఇది. నేను నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కిన మొదటి రోజే ఆమె లింగాల బస్సు ఎక్కింది. అక్కడ కామెర్లకు పసరు పోసే ఒక పెద్దామె ఉంది. పేషంట్లు ఎవరని అడిగితే "ఇంట్ల పిల్లలు" అని చెప్పి నేల ఉసిరి పసరు తెచ్చింది. మర్నాడు నేను బస్సెక్కగానే, మేత వెయ్యకముందు, పరగడుపున పోసింది. కామెర్లకు నూనె ముట్టొద్దు కాబట్టి డీజిల్ నీళ్లు పారబోసి మల్లెచెట్టుకు పోసి, బోరు నీళ్లు నింపింది. ఎండ పడొద్దు కాబట్టి నేను పోగానే టబ్బుల మీద తడి గోనెసంచులు కప్పి, నేను వచ్చే వేళకు తీసేసింది. పల్లి చెక్కలో నూనె ఉంటుంది కాబట్టి అది మానిపించి, ఉప్పు వెయ్యని మజ్జిగన్నం పెట్టింది. మనిషికి కామెర్లొస్తే మా దిక్కు ఏమేం చేస్తారో అందులో ఒక్కటి కూడా తప్పిపోలేదు. జబ్బులేని నీడ మంచినీళ్ల చేపలకు కూడా "అంటుకుంటదేమో" అని ఇంత పసరు పోసిందట.

"అత్తమ్మా, నీకు ఏమన్నా దిమాక్ ఉందా! నా సదువంతా నాశనం చేస్తివి కదా! చేపలకు పత్యమేంది?" నేను ఇంకా చాలా అన్నాను. నా నోరు మా వీధిలో పేరున్న నోరు.

ఆమె గడప మీద కూర్చుంది. నేను అలసిపోయి ఆగేదాకా ఆగింది.

"మీ మామకు కూడ గిదే పెరిగింది," అంది. "ఎస్‌జీపీటీ."

నేను మామను చూడలేదు. గోడ మీద ఫోటోలోనే తెలుసు. నేను ఈ ఇంటికి రాకముందు ఎండాకాలంలో కామెర్లు వచ్చి పోయాడని చెప్పారు. అంతకంటే నేను అడగలేదు.

"గింత పసరు తెచ్చి పోస్తే ఉమ్మేసిండు. చేదున్నదన్నడు. పత్యం చెయ్యమంటే మిరపకాయ బజ్జీలు తినొచ్చిండు. కర్నూలు దవాఖానకు తోలుకపోతిమి. దినాం డాక్టరొచ్చి కాయితం జూసి, ఎస్‌జీపీటీ పెరిగిందమ్మా, ఇంకా పెరిగిందమ్మా అంటుండె. ఒక్క దినమన్న తగ్గింది, ఇగ ఇంటికి పోండ్రి అంటడేమోనని నేను తలుపు కాడ్నే కూసున్న. అన్లే." ఆమె టబ్బు వైపు చూసింది. "నువ్వు ల్యాబు కాడ పెరిగింది పెరిగింది అని ఒర్రుతుంటే నాకు కార్జమే జారిపాయె. ఇవి మీ మామ లెక్క కాదు బిడ్డా. ఏమిచ్చినా తాగినయి."

కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమె పక్కన గడప మీదే కూర్చున్నాను. ఇద్దరం కాసేపు చేపలు నీళ్ల పైకి వచ్చి గాలి పీల్చుకుని మునగడం చూశాము. చివరికి, "తగ్గింది అత్తమ్మా. మంచిగ తగ్గింది" అన్నాను. అదైతే అబద్ధం కాదు.

రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకు విషయం తెలిసింది. తప్పు వాళ్లమ్మదా, నాదా అని ఆయన తేల్చుకోలేక, "మల్లెచెట్టు మంచిగుండె" అని మాత్రం అన్నాడు.

మళ్లీ చెయ్యాలి. ఒక వారం ఎండ కావాలి. అప్పటికే జూన్ దగ్గరికొచ్చింది. మా ఆయన పొలం దున్నించి, పల్లి విత్తనాలు తెచ్చి ఇంట్లో పెట్టుకుని వాన కోసం చూస్తున్నాడు. వెనక రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. వీపనగండ్లలో కప్పలకు పెళ్లిళ్లు చేస్తున్నారు. పాలమూరు మొత్తంలో వాన రావద్దని కోరుకుంటున్న మనిషిని నేనొక్కదాన్నే. వాకిట్లోకి వచ్చి ఆకాశం వైపు చూసి మబ్బు లేకపోతే ఊపిరి పీల్చుకునేదాన్ని. పక్కింటామె అది చూసి, "నీకు కూడ వాన మీదనే ధ్యాస ఉన్నట్టుంది సెల్లె, రైతు ఇల్లు కదా" అని మెచ్చుకునేది. నేను అవునక్కా అనేదాన్ని.

అత్తమ్మకు సంగతి దాచలేదు. చెరువు నుంచి కొత్త కొర్రమట్టలు తెప్పించాను. డీజిల్ నీళ్లు కలిపాను. పాత పేషంట్ల కోసం ఇంకో టబ్బు తెచ్చి పక్కన పెట్టాను, వాటిని నేను ముట్టనని చెప్పాను. "ఈ ఒక్క వారం వీటికి ఏమీ చెయ్యొద్దు. ఇవి పాడైతేనే నా పరీక్ష పాసవుతుంది. అయిపోయాక మిగిలినవన్నీ నీవే, నీ ఇష్టం వచ్చిన వైద్యం చేసుకో" అన్నాను.

"నేను సూడలేను," అంది. "కానీ ముట్ట."

అన్న మాట నిలబెట్టుకుంది. ఆ వారమంతా టబ్బులకు వీపు పెట్టి కూర్చుని బియ్యం ఏరింది, వీపు పెట్టి కూర్చుని పప్పు ఏరింది. చింతపండు గింజలు తీసింది. ఇంట్లో ఏరాల్సినవన్నీ అయిపోయాక ఏరినవే మళ్లీ ఏరింది. చేప ఎగిరిన చప్పుడైతే భుజాలు కదిలేవి, తల తిరిగేది కాదు. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే ఒకసారి గోనెసంచి తడిపి పట్టుకుని వచ్చింది. నేను చూశాను. ఆమె నన్ను చూసింది. సంచిని తన నెత్తి మీద వేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

చేపలు కొయ్యడానికి ఇంకొక్క రోజుందనగా, మధ్యాహ్నం దాటాక, కృష్ణ దిక్కు నుంచి మబ్బు లేచింది. అట్లాంటి మబ్బు రెండేళ్లుగా చూడలేదు. గాలి చల్లబడింది. ఎండ టబ్బు నీళ్లలో పెట్టిన థర్మామీటరు దిగడం మొదలుపెట్టింది. వీధిలో పిల్లలు అరుస్తూ పరుగెత్తుతున్నారు. మా ఆయన విత్తనాల సంచి భుజాన వేసుకుని బండి తుడుస్తున్నాడు, ఈల వేస్తున్నాడు. నేను వేపచెట్టుకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటున్నాను. ఆయన ముందు ఏడవడానికి నాకు మొహం లేదు. ఈ వానకు ఏడ్చే కోడలిని ఏ రైతు ఇంట్లో ఉంచుకుంటారు?

అత్తమ్మ బియ్యం చేట పక్కన పెట్టింది. వాకిట్లోకి వచ్చి, నా మొహం చూసి, మబ్బు చూసింది. కొంగు రెండు చేతులతో చాపి పట్టుకుంది.

"వానదేవుడా," అంది, ఎదురింటి వాళ్లతో మాట్లాడినంత మామూలుగా, "దినాం నిన్ను రా రా అన్న నోరే ఇది. జర ఆగు. మా కోడలిది ఒక్క రోజు పని ఉన్నది. రేపు పొద్దుగూకెవరకు అయితది. ఎన్క వచ్చి ఎంత కొడతవో కొట్టు."

మా ఆయన ఈల ఆగిపోయింది. సంచి భుజం మీంచి జారింది.

"అమ్మా! పిచ్చి లేసిందా? ఇత్తనాలు తెచ్చి పెట్టుకున్న!"

"రావొద్దన్ననా? ఆగుమన్న," అంది అత్తమ్మ. "నీ ఇత్తనాలు రేపు సుత ఇత్తనాలే. దాని చాపలు రేపటికి గిట్లుండయి."

వానదేవుడు విన్నాడని నేను అనను. నేను సైన్సు చదివినదాన్ని. గాలి మారి ఉంటుంది. మబ్బు మా నెత్తి మీంచి పోయి లింగాల దిక్కు దంచి కొట్టిందని తర్వాత తెలిసింది. అక్కడి చుట్టాలు మా పక్కింటి ఫోనుకు చేసి మరీ సంబరపడ్డారు. మా ఆయన ఆ ఫోను సగంలోనే నాకు ఇచ్చేశాడు. మర్నాడు పొద్దంతా ఎండ కాసింది. ఈ సంగతి వీపనగండ్లలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలిస్తే మమ్మల్ని పొలిమేర దాటనివ్వరు.

మర్నాడు నెత్తురు తీశాను, కార్జాలు కోశాను. ల్యాబు పెద్దమనిషి ఈసారి చీటీ మీద పేరూ వయసూ అడగకుండానే నింపాడు. ఎండ డీజిల్ చేపలకు పెరగాల్సినంత పెరిగింది, మొదటిసారి లాగానే. నేను అరవలేదు. మైసూర్‌పాక్ కొనలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. ఇంటికి వస్తే అత్తమ్మ, "అయిందా?" అంది. "అయింది" అన్నాను. వెంటనే లేచి మిగిలిన చేపలను మంచినీళ్లలోకి మార్చి, డీజిల్ టబ్బులు వంచేసింది. మల్లెచెట్టుకు మాత్రం పొయ్యలేదు.

మిరుగం నాడు, మృగశిర కార్తె మొదటి రోజున, వాన వచ్చింది. చూరు నీళ్లు వాకిట్లో వాగై పారాయి. మా ఆయన విత్తనాలు వేసి, తడిసి ముద్దయి, అంత సంతోషంగా ఎన్నడూ ఇంటికి రాలేదు. మిరుగం నాడు మా దిక్కు ఇంటింటా చేపల పులుసు ఉండాల్సిందే. బజారులో చేపలు పొద్దున్నే అయిపోయాయి. ఆయన తల తుడుచుకుంటూ టబ్బుల దగ్గర ఆగాడు.

"ఇగ పరీక్షలయిపాయె కదా?" అన్నాడు.

"ఏరా," అంది అత్తమ్మ లోపల్నుంచి, "పేషంట్లను తింటవారా?"

ఆ మిరుగం నాడు మా ఇంట్లో ఎండు చేపలు.

పుస్తకం నెలాఖరుకు ఇచ్చేశాను. వైవాకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు అంతా తిరగేసి ఒక్క లోపం పట్టుకున్నారు. "నూనె నీళ్లలోంచి తీసి మంచినీళ్లలో పెడితే చేపల కాలేయం తిరిగి కోలుకుంటుందా లేదా చూడలేదేం? రికవరీ లేకుండా ఈ పని సగమే కదా?" మా గైడు సారు కిటికీలోంచి బయటికి చూశాడు. నేను, "చూద్దామనుకున్నాను సార్, మా అత్తమ్మ ఒప్పుకోలేదు" అన్నాను. ఆయన నవ్వాడు. జోకు అనుకున్నాడు. పట్టా ఇచ్చారు.

అది జోకు కాదు. మిగిలిన చేపలకు అత్తమ్మ పూర్తి వైద్యం చేసింది. పసరు, మజ్జిగన్నం, నీడ. అవి నిగనిగలాడుతూ తిరుగుతుంటే నాకూ ఆశ పుట్టింది. రెండు చేపలిస్తే చాలు, తగ్గిందో లేదో అంకెల్లో చూపిస్తాను, నా పుస్తకంలో ఇంకో అధ్యాయం అవుతుందని బతిమాలాను. తగ్గితే అది నీళ్లు మార్చినందుకా, పసరు పోసినందుకా అని మా ఇద్దరికీ అప్పటికే రోజూ తగువు.

"ఎట్ల సూస్తవు?" అంది.

"నెత్తురు తీసి."

"తీస్తే బతుకుతయా?"

"బతకవు."

"బాగైనోళ్లను సంపి బాగైండ్రా లేదా అని సూస్తరా?" అంది. "నాకు కాయితం అక్కర్లేదు. నా కండ్లకు తెలుస్తుంది."

వాన తెరిపిచ్చిన ఒక పొద్దున ఇద్దరం చేపలను బకెట్లలో పెట్టుకుని ఆటోలో ఊరవతల చెరువుకు పోయాము. కొత్త నీళ్లు వచ్చి చెరువు ఎర్రగా ఉంది. అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి మోకాళ్ల లోతు దిగింది. నేను బకెట్ అందించాను. ఒక్కసారి గుమ్మరించలేదు. చెయ్యి లోపల పెట్టి ఒక్కొక్కదాన్నే తీసి నీళ్లలో వదిలింది. వదిలిన ప్రతిదానికీ ఏదో చెప్తోంది. నాకు వినిపించక నేనూ నీళ్లలోకి దిగాను.

"తగ్గింది," అంటోంది. "ఇగ ఇంటికి పోండ్రి. నూనె ముట్టకుండ్రి."